గండభేరుండం గుణమేంది?

మైపాడు తీరానికి దగ్గర్లో ఒక ఊరు. అక్కడి గ్రంథాలయంలో పిల్లల గదికి కొత్తగా సున్నం కొట్టించారు. ఒక గోడ నిండా జంతువుల బొమ్మలు వేయించి, ఒక్కో బొమ్మ కింద దాని అలవాట్లు, స్వభావం రాయించాలని ఊరి పెద్దలు అనుకున్నారు. మనిషికి తోడుగా తిరిగిన మాయజంతువుల్ని వేయించాలని గుళ్ళో పురాణం చెప్పే పెద్దమ్మ పట్టు. ఈ తీరంలో నిజంగా తిరిగే ప్రాణుల్నే వేయించాలని ఆమె చెల్లెలి కొడుకు పట్టు. ఆయన హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే మాస్టారు. బొమ్మలేసే అతను పెద్దమ్మ ఇచ్చిన జాబితా చూసి, "గండభేరుండం గుణమేందమ్మా?" అన్నాడు. తగువు అక్కడ మొదలైంది.

మాస్టారు: విన్నావా పెద్దమ్మా, అడగాల్సిన మాట అడిగాడు. గూడబాతు గుణమేందంటే నేను చెప్పగలను. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడు కడుతుంది. గొంతు కింది సంచితో నీళ్ళతో సహా చేపను తోడుకుని, నీళ్ళు వదిలేసి చేపను మింగుతుంది. నమ్మనివాడు పోయి చూసుకోవచ్చు. గండభేరుండం గుణం యాడికి పోయి చూసుకోవాలి?

పెద్దమ్మ: అచ్యుతదేవరాయల నాణెం మీద చూసుకో. కర్ణాటక ప్రభుత్వ ముద్ర మీద ఈరోజుకీ రెండు తలలతో నిలబడి ఉంది.

మాస్టారు: బొమ్మ యాడుందో చెప్పావు. గుణం చెప్పలేదు.

పెద్దమ్మ: గుణం కావాలంటే పంచతంత్రానికి రా. దీని చుట్టం ఒకటి ఉంది అందులో, భారుండమని. రెండు తలలు, ఒకటే పొట్ట. ఒక తలకు అమృతంలాంటి పండు దొరికింది. రెండో తల నాకూ రొంత పెట్టమంది. పొట్ట ఒకటే గదా, ఎవరు తింటే ఏమని మొదటిది మొత్తం తినేసింది. రెండో తల పగబట్టి, ఒకనాడు విషపు పండు చూసుకుని కావాలని మింగింది. పక్షి చచ్చింది. రాజుల జెండా మీద బలానికి గుర్తయిన ఆకారమే కతలో తగువుకు గుర్తు. ఎంత బలమో అంత తగువు. ఇదీ దాని గుణం, రాయించు.

మాస్టారు: అది పక్షి గుణం కాదు పెద్దమ్మా, ఆస్తి పంచుకోలేని అన్నదమ్ముల గుణం. మన దగ్గరున్న గుణాలన్నీ తీసుకుపోయి జంతువు వీపున మోపుతాం. తర్వాత ఆ జంతువును చూసి, చూశారా ఎంత జ్ఞానమో అంటాం. దానివల్ల మన సంగతి మనకు కొత్తగా తెలియదు, జంతువు సంగతి అసలే తెలియదు. హంసనే తీసుకో. పాలూ నీళ్ళూ విడదీస్తుందని పసిపిల్లలకు కూడా చెబుతాం. ఆ పని చేసే పక్షి భూమ్మీద లేదు.

పెద్దమ్మ: ముందు ఏ పక్షిని హంసంటున్నావో చెప్పు. తర్వాత అది ఏం చేయదో చెబుదువు.

మాస్టారు: ఆ పేరుకు ఇద్దరు హక్కుదార్లు. పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగోను మనవాళ్ళు రాజహంస అంటారు. పొడుగు కాళ్ళు, వంకర ముక్కు. ఆ ముక్కును తలకిందులుగా నీళ్ళలో ముంచి, నాలుకతో నీళ్ళు లోపలికి లాగి బయటికి తోస్తుంది. ముక్కు అంచుల్లోని సన్నటి పళ్ళ వరసలు నాచునూ చిన్న రొయ్యల్నీ ఆపేస్తాయి. ఆ తిండిలోని రంగే రెక్కలకెక్కి గులాబీగా కనిపిస్తుంది; పిల్లగా ఉన్నప్పుడు బూడిదరంగే. రెండో హక్కుదారు తల మీద రెండు నల్లచారలుండే పెద్దబాతు. అది టిబెట్, మంగోలియా ఎత్తుల్లోని సరస్సుల దగ్గర పిల్లల్ని చేసి, హిమాలయాల మీదుగా ఎగిరి చలికాలానికి మన దేశంలోకి దిగుతుంది.

పెద్దమ్మ: ఎండలు ముదిరేసరికి?

మాస్టారు: మళ్ళా అక్కడికే పోతుంది.

పెద్దమ్మ: వానాకాలంలో హంసలు మానససరోవరానికి పోతాయని కవులు రాసింది మరి అబద్ధం ఎట్టా అయింది? ఇంకో పక్షేమో ముక్కుతో నీళ్ళను వడగట్టి తిండిని వేరు చేస్తుంటివి. పాలొక్కటే మిగిలింది.

మాస్టారు: పాలు కూడా ఉన్నాయిలే, చెబితే నీకు ఇంకా బలమొస్తుందని ఊరుకున్నా. ఫ్లెమింగో తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతులో ఊరే ఒక ద్రవాన్ని పిల్ల నోట్లో పోస్తారు. ఎర్రగా ఉంటుంది. శాస్త్రంలో దాన్ని పాలనే అంటాం. పావురాలకూ అట్టాంటిదే ఉంది. అయినా ఒప్పుకోను. ఒక పక్షి ప్రయాణం, ఇంకో పక్షి ముక్కు, మూడో చోటి పాలు కలిపి నువ్వు ఒక హంసను కుడుతున్నావు.

పెద్దమ్మ: అట్టా కుట్టిందానికి యాళి అని పేరు పెట్టి విజయనగరం శిల్పులు మండపాల స్తంభాల మీద చెక్కారు. సింహం ఒళ్ళు, ఏనుగు తొండం. ఒక్కో ముక్కా నిజమైందే. కలిపింది మనిషి.

మాస్టారు: కలిపేటప్పుడే తప్పు దూరుతుంది. చక్రవాకాలకు రాత్రయితే ఎడబాటన్నారు. బాపన బాతని మనవాళ్ళు పిలిచే ఇటుకరంగు బాతే చక్రవాకం. అది రాత్రిపూట కూడా మేతకు తిరుగుతుంది, ఒకదాన్నొకటి గట్టిగా పిలుచుకుంటుంది. జత మాత్రం అంత తేలిగ్గా విడిపోదు. కవి చెవికి వినబడిన కేక నిజం, చెప్పిన కారణం అబద్ధం. చాతకం వానచుక్కలే తాగుతుందన్నారు. తొలకరి గాలులతో ఆఫ్రికా నుంచి ఉత్తరాదికి వచ్చే మాట నిజమే గానీ, అది బతికేది గొంగళిపురుగుల మీద. పైగా గుడ్లు ఇంకో పిట్ట గూట్లో పెట్టి పోతుంది. ఆ సంగతి ఏ కవీ చెప్పలేదు.

పెద్దమ్మ: మన నెల్లూరి చాతకం పాపం, తొలకరిని నమ్ముకుంటే గొంతెండిపోవాల్సిందే. మనకు వానంటే ముఖ్యంగా అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనంతో వచ్చేదే గదా.

మాస్టారు: నవ్వు, నవ్వు. నవ్వులాటగా ఉన్నంతవరకు నాకూ పేచీ లేదు. లేని గుణం అంటగడితే నిజం ప్రాణి చస్తోంది, అదీ నా గోడు. రెండు తలల పాము ఉంది. ఇసక నేలల్లో బొరియల్లో ఉంటుంది, విషం లేదు, ఎలకల్ని తిని రైతుకు మేలు చేస్తుంది. తోక మొద్దుగా ఉండి తలలాగా కనిపిస్తుంది, అంతే. అది ఇంట్లో ఉంటే లంకెబిందెలు దొరుకుతాయని, బరువు పెరిగేకొద్దీ ధర పెరుగుతుందని చెప్పి పట్టి అమ్ముతున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. నక్షత్ర తాబేలు ఉంటే కలిసొస్తుందని సంచుల్లో కుక్కి ఊళ్ళు దాటిస్తున్నారు. ఉత్తరాదిలో దీపావళి వస్తే గుడ్లగూబలకు ప్రాణగండం. నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం; పాలు పాముకు అరగవు. ఇవన్నీ ఎవరు నేర్పారు? నీ మాయజంతువుల కతలే. రెండు తలల పామును కొనేవాడు నీ గండభేరుండానికే వెల కడుతున్నాడు.

పెద్దమ్మ: గట్టిగానే కొట్టావు. కాస్త ఉండు, జవాబు చెబుతా. ఆ కొనేవాడు ఆ పామును ఏం అడుగుతాడు?

మాస్టారు: డబ్బు.

పెద్దమ్మ: పాము తిరిగి వాణ్ణి ఏం అడుగుతుంది?

మాస్టారు: పామేం అడుగుతుంది?

పెద్దమ్మ: అదీ సంగతి. మన కతల్లో తిరిగి అడగని జంతువు లేదు. గరుత్మంతుణ్ణి చూడు. తల్లి దాస్యం వదిలించడానికి దేవతల్ని కొట్టి అమృతం తెచ్చాడు, చుక్క నోట్లో వేసుకోలేదు. విష్ణువు మెచ్చి వరం కోరుకోమన్నాడు. నీకంటే పైన ఉంటానన్నాడు. అంతటితో ఆగాడా, నువ్వు కూడా నన్నొక వరం అడుగు అన్నాడు. నాకు వాహనంగా ఉండమన్నాడు స్వామి. ఒకడు పైన ఉంటానన్నాడు, ఇంకొకడు కింద ఉండమన్నాడు, రెండూ కుదరాలి. అందుకని వాహనంగా స్వామి కింద, జెండా మీద స్వామి పైన. మన నెల్లూరు రంగనాయకుల గుళ్ళో ఫాల్గుణంలో బ్రహ్మోత్సవం మొదలయ్యేది గరుడధ్వజం ఎగరేసే గదా. స్వామిని ఊరేగించక ముందే ఆ ఒప్పందాన్ని గుర్తు చేస్తారన్నమాట. లోపల చూస్తే స్వామి పడుకున్నది శేషుడి మీద. పాముల్ని తినే పక్షీ, పామూ ఒకే ఇంట్లో కొలువు. ఎవరి గుణమూ మారలేదు, ఎవరి చోటు వాళ్ళది.

మాస్టారు: గరుత్మంతుడు దేవుడితో సమానం, బేరం ఆడగలడు. సేవ చేసే జంతువుల మాటేంది? కామధేనువు అడిగిందల్లా ఇచ్చేదే గదా.

పెద్దమ్మ: విశ్వామిత్రుణ్ణి అడుగు. బలవంతంగా తోలుకుపోబోతే ఆ ఆవు ఒంట్లోంచి సైన్యాలు పుట్టుకొచ్చాయి. వసిష్ఠుడికి పాలిచ్చింది, రాజుకు యుద్ధమిచ్చింది. భేతాళుడి అలవాటు చూడు. చెట్టు మీద, శవంలో కాపురం. మోసేవాడికి కత చెప్పి చివర్న ప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి మళ్ళా చెట్టెక్కుతాడు. 1947లో మద్రాసులో మొదలైన చందమామ దశాబ్దాల పాటు ఆ ఒక్క అలవాటు మీద ఎన్ని కతలు నడిపిందో నువ్వే చదివావు. అంత విసిగించే తోడు ఇంకోటి లేదు. కడాకు, తీసుకురమ్మన్న భిక్షువే నిన్ను చంపబోతున్నాడని విక్రమార్కుణ్ణి కాపాడింది కూడా అదే.

మాస్టారు: అయితే పాతాళ భైరవి? 1951 సినిమా, మన వాళ్ళలో చూడనివాళ్ళు లేరు. ఆ బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట వింటుంది. తోటరాముడు అడిగినా చేస్తుంది, మాంత్రికుడు ఎత్తుకుపోయి అడిగినా చేస్తుంది. అదేం తిరిగి అడిగింది?

పెద్దమ్మ: ఏమీ అడగలేదు. అందుకే అది తోడు కాదు, పనిముట్టు. చేతులు మారింది, కత అడ్డం తిరిగింది. నువ్వు చెప్పిన పాముల వ్యాపారి కూడా చేసిందదే. కతలోంచి మాయను ఉంచుకుని గుణాన్ని తీసేశాడు. కోరిక తీరాలి, షరతు మాత్రం ఉండకూడదు. ఆ పాపం కతది కాదు, కతను సగానికి నరికినవాడిది.

మాస్టారు: తెలివైన మాటే. సగం కతే జనంలో మిగులుతుందన్నది మరిచిపోతున్నావు. మాయ గుర్తుంటుంది, షరతు మరిచిపోతారు. గోడ మీద రాస్తే కూడా పిల్లలు బొమ్మ చూస్తారు, కింది రాత చదవరు.

పెద్దమ్మ: చదివేటట్టు రాయాలి. జంతువు ఏం చేస్తుందో కాదు, ఏం చేయనంటుందో ముందు రాయాలి. దానికి మన నెల్లూరులోనే పెద్ద దిక్కుంది. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉండి తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలు 15 పర్వాలు తెనిగించాడు. అందులో వచ్చే శాంతిపర్వం, అశ్వమేధపర్వం, మహాప్రస్థానికపర్వం తీసుకో. అశ్వమేధంలో ఒక ముంగిస ఉంది, సగం ఒళ్ళు బంగారం. కరువులో ఒక పేద బ్రాహ్మడి కుటుంబం పస్తుండి, ఉన్న పేలపిండి అతిథికి పెట్టింది. ఆ ఎంగిలి పిండిలో పొర్లితే సగం ఒళ్ళు బంగారమైంది. మిగతా సగం కోసం ధర్మరాజు యాగానికొచ్చి పొర్లింది. కాలేదు. యాగం గొప్పదేం కాదని నిండు సభలో మొహాన చెప్పి పోయింది. అది ముంగిస గుణం, నిష్ఠూరం. మహాప్రస్థానంలో కుక్క ఉంది. దారి పొడుగునా ఒక్క మాట లేదు, వెంట నడిచింది. దాన్ని వదిలి రథమెక్కమంటే ధర్మరాజు స్వర్గాన్నే వద్దన్నాడు. ఇక్కడ కాదన్నది మనిషి, కుక్క కోసం.

మాస్టారు: శాంతిపర్వంలో?

పెద్దమ్మ: పూజని. బ్రహ్మదత్తుడనే రాజు అంతఃపురంలో ఉండే పక్షి. అన్ని ప్రాణుల మాటలూ తెలుసు దానికి. అదీ రాణీ ఒకే కాలంలో పిల్లల్ని కన్నారు. రోజూ సముద్రతీరానికి పోయి రెండు పండ్లు తెచ్చేది, ఒకటి తన పిల్లకు, ఒకటి రాజకుమారుడికి. ఒకనాడు ఆ కుర్రవాడు ఆడుకుంటూ పక్షిపిల్లను చంపేశాడు. పూజని వాడి కళ్ళు పొడిచేసింది. రాజు కోప్పడలేదు. మావాడు చేసిందానికి నువ్వు చేసింది సరిపోయింది, ఇంట్లోనే ఉండమని బతిమాలాడు. ఆ మాటలు ఎంత తియ్యగా ఉన్నా అది ఉండలేదు. నమ్మకం ఒకసారి పోయిన చోట ఉండకూడదని చెప్పి ఎగిరిపోయింది. మాయ తోడు అంటే నేను చెప్పేది ఇదీ. వెళ్ళిపోగలిగేదే తోడు. వెళ్ళలేనిది బానిస.

మాస్టారు: ఇప్పుడు నా మాట విను. ఆ గుణం చూపించడానికి మాయ ఎందుకు? నేలపట్టు చూపించు. 1976లో దాన్ని పక్షుల రక్షిత కేంద్రం చేశారు. అంతకుముందు నుంచీ చుట్టుపక్కల రైతులు గూడబాతుల జోలికి పోలేదు. రెట్టలు కలిసిన చెరువునీళ్ళు పారితే పొలానికి ఎరువని తెలుసు వాళ్ళకు. ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. చెరువులో నీళ్ళు లేని ఏడు పక్షులు గూడు కట్టవు. కాదనడం కూడా ఉంది. ఇంకేం కావాలి? అసలు పూజని కతతో నాకు పెద్ద భయం ఒకటుంది. పక్షి అలిగి పోయిందనుకుంటే బతిమాలితే వస్తుందనుకుంటారు. పూజ చేయిస్తారు, తీర్థం చల్లుతారు. పక్షి అలగలేదు పెద్దమ్మా. చేప లేక పోయింది. అది క్షమాపణకు రాదు, నీళ్ళకు వస్తుంది.

పెద్దమ్మ: పూజని మాత్రం క్షమాపణకు వచ్చిందా? రాజే బతిమాలాడు గదా!

మాస్టారు: రాలేదు.

పెద్దమ్మ: మరి? కత చెప్పిందీ నువ్వు చెప్పిందీ ఒకటే అయింది. మాటలతో తెచ్చుకోలేవని.

మాస్టారు: ఒకటి కాదు. నీ కత 'తెచ్చుకోలేవు' అన్న చోట ఆగిపోతుంది. నా చెరువు 'నీళ్ళు ఉంచితే వస్తుంది' అంటుంది. తాబేళ్ళ సంగతి చూడు. మన తీరానికి చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టను వస్తాయి. ఒక్కోటి వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసక కప్పి, వెనక్కి చూడకుండా పోతుంది. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలొస్తాయి. ఆడదవుతుందా మగదవుతుందా అన్నది ఇసక వేడి తేలుస్తుంది. పిల్లలు రాత్రిపూట వెలుగున్న వైపు పోతాయి. సముద్రం మీద వెలుగుంటే సముద్రానికి, ఒడ్డున దీపాలుంటే రోడ్డు మీదికి. ఇది ఏ పురాణంలో ఉంది?

పెద్దమ్మ: లేదు. కూర్మావతారం మాత్రం ఉంది. వలలో పడ్డ తాబేలుకు దండం పెట్టి నీళ్ళలోకి వదిలే జాలర్లను చూశా నేను. వాళ్ళు ఇసక వేడి లెక్క చదవలేదు.

మాస్టారు: వదిలినవాళ్ళకు నేనూ దండం పెడతా. అదే వలలో గంటల తరబడి ఇరుక్కుని ఊపిరాడక చచ్చిన తాబేలుకు దండం పెట్టి ఏం లాభం? అక్కడ పనిచేసేది తాబేలు బయటపడే దారి ఉన్న వల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజులు మరపడవల వేట ఆపుతారే, చేపకు ఆ గడువు పనిచేస్తుంది. భక్తి మనసును సిద్ధం చేస్తుందేమో గానీ వలను మార్చదు.

పెద్దమ్మ: మనసు సిద్ధం కానిదే వల మార్చేవాడెవడు? సరే, ఇద్దరం ఒకచోటికే వచ్చాం, దారి వేరు. గోడకు ఏం చేద్దామో చెప్పు.

మాస్టారు: కలిపి వేయిస్తే ఒప్పుకోను. గూడబాతు పక్కన గండభేరుండం ఉంటే, రెండూ ఉన్నాయనో రెండూ లేవనో అనుకుంటారు పిల్లలు. ఒక గోడ లేనివాటికి, ఒక గోడ ఉన్నవాటికి.

పెద్దమ్మ: రెండు గోడలకూ ఒకే రకం రాత ఉండాలి. ఏం తింటుంది, యాడుంటుంది, ఎట్టాంటి గుణం అన్న మూడింటితో పాటు నాలుగోది, దేనికి కాదంటుంది. భేతాళుడి కింద, మౌనం చెడితే మోతకు లొంగడని. పూజని కింద, నమ్మకం చెడితే ఉండదని. గూడబాతు కింద నువ్వు రాయి.

మాస్టారు: చెరువు ఎండితే గూడు కట్టదని. తాబేలు కింద, ఒడ్డున దీపాలుంటే పిల్లలు దారి తప్పుతాయని. రెండు తలల పాము కింద, దానికి ఒకటే తల అని, డబ్బు సంగతి దానికి తెలియదని. ఆ నాలుగో మాటకు నాకు అభ్యంతరం లేదు. కానీ గండభేరుండం కింద అన్నిటికంటే పైన 'ఈ పక్షి లేదు' అని పెద్ద అక్షరాల్లో ఉండాలి.

పెద్దమ్మ: రాయించు. లేదన్న మాట కింద దాని గుణం మొత్తం రాయించు. లేనిదాని గుణమే మనకు పూర్తిగా తెలిసేది అబ్బయ్యా, పెట్టింది మనమే గనక. ఉన్నదాని గుణం మీరింకా కనుక్కుంటానే ఉండారు.

మాస్టారు: అందుకే ఉన్నవాటి గోడకు బొమ్మల కింద చోటు ఎక్కువ వదలమని చెబుతున్నా.